కఱవునాటి కాలువ



పేదల కష్టములలో తోడుపడుటకై సొంత ఊరు విడిచి, ఎఱుగని ఊరికి సంచి భుజాన వేసికొని వెళ్లువారు అన్ని కాలములందును ఉన్నారు. క్రైస్తవ సంఘములలో దీనిని సేవాయాత్ర యందురు. అట్టి యాత్రలను గూర్చి నేడు మీతో కొంత ముచ్చటింప దలచితిని. నేను చెప్పబోవునది ఒక మహాపురుషుని జీవితచరిత్ర కాదు. ఒక కాలువ కథ. ఆ కథ నా చెవిని బడిన విధమును ముందుగా మనవి చేసెదను.

1977వ సంవత్సరము నవంబరు 19వ తేదిని దివిసీమను ఉప్పెన ముంచివేసెను. ఆ రాత్రి మరణించిన వారు పదివేలకు తక్కువ కాదని చెప్పుదురు. అప్పటికి నాకు ఇరువది యేండ్లు. మా ఊరి సంఘములోని యువకులము పదునెనమండ్రము కూడి, ఇంటింట తిరిగి పాత బట్టలును బియ్యమును ప్రోగుచేసి, ఒక లారీలో వేసికొని బయలుదేరితిమి. అవనిగడ్డ దాటి సముద్రపు దిక్కున నున్న యొక పల్లెకు చేరుసరికి మధ్యాహ్నమైనది. పల్లె యని పిలుచుటకు అచట మిగిలినది కొన్ని తాటిచెట్లును, ఒక గుడిగోడయు మాత్రమే. మేము లారీ దిగి, బట్టలమూటలు విప్పి, వచ్చినవారి నందఱిని వరుసగా నిలువుమని కేకలు వేయసాగితిమి. మా మనసులలో జాలి యున్నది. జాలితోబాటు కొంత గర్వమును ఉన్నది. ఈ రెండవదానిని ఆనాడు నేను గుర్తింపలేదు.

వరుసలో ఒక వృద్ధురాలు నా యెదుటికి వచ్చెను. నేనొక చీర తీసి ఆమె చేతిలో పెట్టబోతిని. ఆమె అందుకొనలేదు. "కోకలు నిన్న వచ్చినోళ్లు కూడా ఇచ్చారు నాయనా. పార ఉంటే ఒకటి ఇయ్యి. మా చెరువులో ఉప్పునీళ్లు నిలిచినయి. తోడుకోకపోతే పిల్లలకి తాగే నీళ్లు లేవు" అని చెప్పెను. మా లారీలో పాఱ లేదు. గునపము లేదు. కడకు ఒక బొక్కెనయైనను లేదు. పదునెనమండ్రము బలిష్ఠులమైన యువకులము, ఆ ఊరికి ఏమి కావలెనో ఒక్కరినైనను అడుగకయే వచ్చితిమి.

ఆ రాత్రి గుడిగోడ ప్రక్కన మంట వేసికొని కూర్చుంటిమి. మా జట్టుతో ఒంగోలు ప్రాంతమునకు చెందిన వృద్ధ ఉపదేశకు డొకడు వచ్చియుండెను. నేను పగటి సంగతి చెప్పి తల వంచుకొంటిని. ఆయన నవ్వి, "ఆమె అడిగినది సరియైనదే. మా ముత్తాత కూడా కఱవులో పాఱ అడిగినవాడే. మట్టి మోసి తిన్నాడు గాని అడుక్కొని తినలేదు. ఆ మట్టి తీసిన కాలువ ఇప్పటికిని ఉన్నది" అనెను. ఆ కాలువ పేరు బకింగుహాము కాలువ. అటుపిమ్మట పెక్కేండ్లు ఆ కథను గ్రంథములలోను, కాలువగట్టు వెంట నడచియు వెదకితిని. నేను గ్రహించినదానిని ఇపుడు మీకు విన్నవించెదను.

అమెరికా దేశపు బాప్తిస్టు సంఘమువారు తెలుగునాట సేవకు పూనుకొన్నది 1836లో. వారు పంపిన శామ్యూల్ డే యను నాతడు కొన్ని చోట్ల తిరిగి, 1840లో నెల్లూరున నిలిచెను. మొదటి పాతికయేండ్లలో వారి శ్రమకు ఫలము మిక్కిలి స్వల్పము. ఈ పనిని మూసివేయుదుమా యని అమెరికాలోని పెద్దలు ఒకటికి రెండు మాఱులు తర్కించిరి. అయినను డే తరువాత వచ్చిన లైమన్ జూయెట్ పట్టు విడువలేదు. 1865లో ఆయనకు తోడుగా జాన్ ఎవరెట్ క్లౌ అను యువకుడు వచ్చెను. అతడు బోధకుడగుటకు పూర్వము మిన్నెసోటా ప్రాంతమున భూములు కొలుచు సర్వేదారుగా పనిచేసినవాడు. కొలతగొలుసు పట్టిన చేయి యది. ఈ సంగతిని మీరు జ్ఞాపకముంచుకొన గోరెదను. మన కథకు అది ముఖ్యము.

1866లో క్లౌ ఒంగోలు చేరెను. ఆ దినములలోనే తాళ్లకొండపాడు వాసియైన యెఱ్ఱగుంట్ల పేరయ్య యనువాడు తన భార్య నాగమ్మతో కూడ బాప్తిస్మము పొందెను. పేరయ్య మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి. చదువు లేనివాడైనను వట్టి యమాయకుడు కాడు. క్రైస్తవుడగుటకు పూర్వము గురువు నాశ్రయించి యోగమార్గమును అభ్యసించిన జిజ్ఞాసువు. తోళ్లు కొనుటకై ఉత్తరదిశగా తిరుగుచు, ఏలూరు ప్రాంతమున క్రైస్తవ బోధ విని, దానిని తన వారికి తానే చెప్పసాగెను. అనగా దొర ఆ పల్లెకు పోవుటకు ముందే ఆ పల్లెవాడొకడు ఆ పని మొదలుపెట్టి యుండెను. 1867 జనవరిలో క్లౌ తాళ్లకొండపాడునకు పోగా, పేరయ్య చేర్చిన వారు చుట్టుపట్ల పల్లెల నుండి వచ్చి చింతతోపులో విడిసి యుండిరి. నాలుగైదు దినముల బోధానంతరము ఇరువది యెనమండ్రు బాప్తిస్మము పొందిరి.

ఇచట క్లౌ దొరకు మొదటి చిక్కు ఎదురయ్యెను. ఒంగోలులోని అగ్రవర్ణముల వారు కొందఱు అతని పాఠశాలకు బిడ్డలను పంపుచు, బోధను సహితము ఆలకించుచుండిరి. మాదిగలను సంఘమున చేర్చుకొందు వేని మేము నీ గడప త్రొక్కమని వారు స్పష్టముగా చెప్పిరి. పెద్దకులముల వారు వచ్చిన తక్కినవారు వారి వెనుక వత్తురని ఆనాటి బోధకులలో పలువురి యూహ. క్లౌయు, ఆయన భార్య హ్యారియెట్టును వేర్వేఱు గదులలో బైబిలు తెఱచి చూడగా, లోకమున నీచులని యెంచబడినవారినే దేవుడు ఏర్పఱచుకొనెనని చెప్పు పౌలు లేఖలోని యొకే భాగము ఇరువురికిని కనబడినదని ఆయన తన స్వీయచరిత్రలో చెప్పుకొన్నాడు. దీనిని దైవఘటన యనుడు, మఱొకటి యనుడు. వారు ఎన్నుకొన్నది పేదవాడనుట మాత్రము చరిత్ర. పాఠశాల నుండి అగ్రవర్ణపు బాలురు వెడలిపోయిరి.

ఆనాటి మాదిగవాడ స్థితిని కొంచెము తలపోయుడు. చచ్చిన పశువు తోలు తీయుట, రైతునకు చెప్పులును మోటబొక్కెనలును కుట్టుట, జాతరలో డప్పు కొట్టుట, సర్కారు వారు వచ్చిన వెట్టికి మూటలు మోయుట వారి వంతు. వారికి ముట్టునది కళ్లములో కొలిచి యిచ్చు కొద్దిపాటి ధాన్యము. క్రొత్తగా సంఘమున చేరినవారు చచ్చిన పశువు మాంసము తినమనియు, జాతరకు డప్పు కొట్టమనియు, ఆదివారమున పని చేయమనియు చెప్పిరి. ఊరివారికి ఇది తిరుగుబాటుగా తోచినది. కొన్నిచోట్ల వారికి బావుల దారి కట్టుపడెను. కొన్నిచోట్ల కళ్లములో ధాన్యము ఆగెను. ఇట్లు కఱవునకు పూర్వమే ఒంగోలు ప్రాంతమున పేదవాని తల కొంత పైకి లేచి యుండెను. సరిగా ఆ వేళనే వానలు తప్పెను.

1876లో నైరృతి పవనము మోసగించెను. ఈశాన్య పవనమును మోసగించెను. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు మండలములు మాడిపోయెను. కఱవు వచ్చినపుడు మొదట కూలబడువాడు భూమి లేనివాడు. రైతునకు అమ్ముకొనుటకు గొడ్డో గోదయో ఉండును. మాదిగవానికి అమ్ముకొనుటకు తన రెక్కల కష్టము తప్ప వేఱొకటి లేదు, దానిని కొనువాడు లేడు. 1876-78 నాటి ఈ మహాక్షామములో బ్రిటిషు పాలనలోని ప్రాంతములలో ఏబది లక్షలకు పైగా ప్రజలు నశించిరని అంచనా. ధాన్యము లేక చచ్చిరందుమా? దేశమునుండి ధాన్యము ఎగుమతి యగుచునే యుండెను. కొనుటకు కాసు లేక చచ్చిరి.

ప్రభుత్వమువారు కఱవు పనులు తెఱచిరి. కాని 1877 ఆరంభమున రాజప్రతినిధి లిట్టన్ ప్రభువు పంపగా వచ్చిన రిచర్డు టెంపుల్ ఖర్చు తగ్గింప దలచి, పనిచేయు పురుషునకు దినమున కొక పౌను ధాన్యమునకు సరిపడు కూలియు, దానిపై అత్యల్పముగా పైకమును చాలునని నిర్ణయించెను. ఒక పౌను అనగా మన లెక్కను అరకిలో కంటెను తక్కువ. ఆ తిండితో రాళ్లు కొట్టువాడు బ్రదుకడని మద్రాసు ఆరోగ్యశాఖాధికారి కార్నిష్ వైద్యుడు గట్టిగా వాదించెను. కొన్ని నెలల కూలి తరువాత ఎముకలగూడులైన వారిని కన్నులార చూచినపిదప గాని కూలి పెరుగలేదు.

ఇది ఇట్లుండ, సర్కారు పనులలో మాదిగవానికి మఱొక కష్టము వచ్చిపడెను. పనిమీద మేస్త్రీలు, కూలి పంచువారు పైకులముల వారు. అంటరానివానికి మంచి తావున పని దొరకదు, దొరికినను కూలిలో కోత, నోరెత్తిన దెబ్బ. ఆకలితో నున్నవారు సహితము ఆ పనులకు పోవుటకు జంకిరి. ఈ మొఱలు క్లౌ చెవిని బడెను. ఆయన మొదట తనకు తెలిసిన వారినుండి వచ్చిన సొమ్మును పంచి చూచెను. గుమికూడిన జనమునకు ఆ సొమ్ము ఏ మూలకు? పంచినకొలదిని జనము పెరుగుదురు, పంచునది తఱుగును. అప్పుడు ఆయన తన పూర్వపు విద్యను జ్ఞప్తికి తెచ్చుకొనెను.

సముద్రతీరము వెంట మద్రాసు నుండి కృష్ణానది కాలువల వఱకు పడవలు నడచుటకు ఒక జలమార్గము త్రవ్వుచుండిరి. దానిలో మద్రాసు సమీపపు భాగము 1806 నాటిది. తరువాత ముక్కలు ముక్కలుగా ఉత్తరమునకు సాగుచు వచ్చెను. కఱవు పనులలో భాగముగా ప్రభుత్వమువారు మిగిలిన ముక్కలను పూర్తిచేయింప దలచిరి. ఆనాటి మద్రాసు గవర్నరు బకింగుహాము ప్రభువు; పిదప కాలువకు ఆయన పేరే నిలిచెను. క్లౌ వెళ్లి, ఆ కాలువలో మూడున్నర మైళ్ల ముక్కను తనకు గుత్తకిమ్మని కోరి పుచ్చుకొనెను. మతబోధకుడు మట్టిపనికి గుత్తేదారగుట ఎవరైనను విన్నదియా? కాని ఆయనకు కొలత వచ్చును, మట్టము వచ్చును. రాజుపాలెము వద్ద తాటాకు పాకలు వేయించి పని మొదలుపెట్టించెను. ఒక్కొక వేళ మూడువేలమంది అచట పనిచేయుచుండిరి.

పనిమీద మేస్త్రీలుగా ఆయన నియమించినది ఎవరిని? తన తెలుగు ఉపదేశకులను. వారిలో పలువురు మాదిగలు; ఆ కూలివారి బంధువులు, ఇరుగుపొరుగువారు. కఱవు వారినిని విడువలేదు. వారి బిడ్డలును ఆకలి యెఱుగుదురు. ఆ మండలమున, అంటరానివా డొకడు పనిపట్టీ చేత బట్టుకొని పేర్లు పిలుచుటయు, పిలువబడినవాడు తిట్టు వినక తన కూలి తాను పూర్తిగా పుచ్చుకొనుటయు అదివఱకు ఎవరు చూచియుందురు? పురుషులు త్రవ్వుదురు, స్త్రీలు తట్టలు మోయుదురు. మధ్యాహ్నపు విరామమునను, ప్రొద్దుగ్రుంకిన పిమ్మటను ఉపదేశకులు వారి నడుమ కూర్చుండి మాటాడుదురు, పాడుదురు. విశూచి సోకిన దినములలో పాకలలో రోగుల ప్రక్కన కూర్చుండినవారును, శవములను పూడ్చినవారును వారే. దొర ఒక్కడు మూడువేలమంది ముఖములు ఎఱుగగలడా? ఈ ఉపదేశకులు ఎఱుగుదురు.

గ్రంథములలో క్లౌ పేరు మూరెడు పొడవున కనబడును. ఈ ఉపదేశకుల పేర్లు అచటచట ఒక్కొక్కటి కనబడును. పెక్కుమందివి కనబడనే కనబడవు. నేను కాలువగట్టు మీద నడచినపుడెల్ల నన్ను బాధించినది ఈ విషయమే. సేవాయాత్ర యనగానే మన కన్నులకు ఓడ దిగివచ్చిన దొర కనబడును. పల్లెనుండి పల్లెకు కాలినడకను పోయిన పేరయ్య వంటివారు కనబడరు. ఓడమీద వచ్చినవానిది యాత్ర యైనచో, చెప్పులు కుట్టుచు ఊరూర తిరిగినవానిది యాత్ర కాదా?

ఇక ఈ చరిత్రలో మిక్కిలి వివాదాస్పదమైన భాగమునకు వచ్చితిని. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టి మతము నిచ్చుట సేవయా, బేరమా? ఈ ప్రశ్న ఆనాడే పుట్టినది, నేటికిని చావలేదు. దీనిని దాటవేసి సేవాయాత్రల చరిత్ర చెప్పుట న్యాయము కాదు.

ఈ ప్రశ్న క్లౌకును తోచియుండెను. 1877 మార్చి మొదలు 1878 జూను వఱకు, సుమారు పదునైదు నెలలు, ఆయన ఒక్కనికైనను బాప్తిస్మము ఈయలేదు. కాలువపనిలో నున్నవారును, సహాయము పొందుచున్నవారును వేలకొలది అడిగిరి; ఆగుమనెను. అడిగినవారందఱు ఆకలివలన అడుగుచున్నారని ఆయన అనలేదు. ఆకలివలన అడుగువాడును, మనసువలన అడుగువాడును ఒక్క వరుసలో నిలిచియున్నపుడు వారిని వేఱుపఱుచుట తనకు సాధ్యము కాదని యెఱిగెను. 1878లో వానలు కురిసి, సహాయధనము ముగియగా, ఇక నాయొద్ద ఈయదగిన సొమ్ము లేదని ఆయన పల్లెలకు వర్తమానము పంపెను. గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి వద్ద మునుపటి విశ్వాసులు మాత్రము వచ్చి కలియవలెనని కోరెను. వచ్చినవారు వారు మాత్రమే కారు. క్రొత్తవారు తండోపతండములుగా వచ్చిరి. సొమ్ము లేదని మరల చెప్పినను వారు కదలలేదు. మేము అడుగునది సొమ్ము కాదు, మేము పనిచేసియే తింటిమి, మా చేతుల బొబ్బలు చూడుమని వారు బదులు చెప్పినట్లు క్లౌ వ్రాసియున్నాడు.

జూను 16వ తేదిని బాప్తిస్మములు మొదలయ్యెను. జూలై 2వ తేదిని 614 మందియు, 3వ తేదిని 2,222 మందియు, 4వ తేదిని 700 మందియు నదిలో దిగిరి. మూడు దినములకు 3,536 మంది. 3వ తేదిని ఆ కార్యము జరిపినది దొర కాదు. ఆఱుగురు తెలుగు బోధకులు. ఇద్దఱు నీటిలో దిగుదురు. వారు అలసిన మఱి యిద్దఱు దిగుదురు. ఉదయము ఆఱింటికి మొదలిడి, నడుమ విరామమిచ్చి, సాయంకాలము అయిదింటికి ముగించిరి. క్లౌ ఒడ్డున నుండెను. ఆ సంవత్సరము తొమ్మిదివేలకు పైగా జనము ఒంగోలు సంఘమున చేరిరి.

ఈ సంఖ్యలు అమెరికాలో కొందఱికి పండుగ యయ్యెను, కొందఱికి అనుమానమయ్యెను. ఇంత త్వరితముగా ఇంతమందిని చేర్చుకొనుట తగదని పలువురు నిందించిరి. ఆ నింద పూర్తిగా నిరాధారము కాదు. అంతమందికి అక్షరములు చెప్పుటకు ఉపాధ్యాయులు లేరు; అన్ని పల్లెలకు పోయి వారి యోగక్షేమములు విచారించుటకు బోధకులు చాలరు. పేర్లు పట్టీలో చేరినంత శీఘ్రముగా పాఠశాలలు లేవలేదు. సంఖ్యలు చూచి ఉప్పొంగువాడు ఈ కొఱతను గమనింపడు.

అయినను నేను మఱొక మాట చెప్పవలెను. కేవలము గంజికోసమే ఆ జనము మతము మాఱిరని చెప్పువారు, తాము ఎఱుగకయే, ఆ పేదవానికి మనసు లేదనుచున్నారు. పేదవాని కడుపు మాత్రము వారికి కనబడును, తల కనబడదు. అన్నము పెట్టిన చేతులు ఆ కఱవులో మఱికొన్నియు ఉండెను. గంజికేంద్రములు ఎన్నియో యుండెను. తాటాకు పాకలో తమవాడే పేరు పెట్టి పిలిచి, కూలి పూర్తిగా లెక్కపెట్టి చేతిలో పోసిన అనుభవము వారికి వేఱొకచోట దొరకలేదు. మనుష్యునిగా ఎంచబడుట కూడ ఒక ఆకలియే. ఆ ఆకలి తీర్చుకొనుటకు వారు ఎంచుకొన్న దారి మనకు నచ్చవచ్చును, నచ్చకపోవచ్చును, ఎంచుకొన్నవారు వారు. దారి చూపుచున్నామనుకొనువారు ఈ సత్యమును మఱువరాదు. దారి తప్పిరనువారును మఱువరాదు.

సేవ యనునది పైనుండి క్రిందికి ప్రవహించు వస్తువు మాత్రమే కాదనుటకు మఱొక నిదర్శనమును క్లుప్తముగా చెప్పెదను. 1903లో తిరునెల్వేలి ప్రాంతపు తమిళ క్రైస్తవులు తమ సొంత సొమ్ముతో, తమ మనుష్యులతో, ఒక సేవాసంఘము నేర్పఱచుకొనిరి. వారిలో పలువురి పూర్వులును సామాన్యులే. వారు తమ ఊరు విడిచి, నిజాము రాజ్యములోని డోర్నకల్లు ప్రాంతపు తెలుగు పల్లెలను ఎన్నుకొనిరి. ఆ సంఘమును నిలిపినవారిలో ముఖ్యుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1909లో తానే అచటికి వచ్చి, తెలుగు నేర్చి, మట్టిదారుల వెంట పల్లెలు తిరిగెను. 1912 డిసెంబరు 29వ తేదిని కలకత్తాలో ఆయన ఆంగ్లికను సంఘమున మొట్టమొదటి భారతీయ బిషప్పుగా అభిషిక్తుడయ్యెను. 1910లో ఎడింబరో నగరమున జరిగిన మహాసభలో, పాశ్చాత్య బోధకులు త్యాగములు చేసిరి, దానము లిచ్చిరి, కాని భారతీయులతో సమానముగా స్నేహము చేయలేదని నిర్భయముగా పలికినవాడు ఆయనయే. ఆ మాట విని సభలో కొందఱు నొచ్చుకొనిరి. దివిసీమలో చీర నందుకొనని వృద్ధురాలు నాతో చెప్పినదియు, ఆలోచించి చూడగా, అదియే.

ఇక కాలువ సంగతి. తీరము వెంట మద్రాసు నాటినుండి తెలుగునాటికి, తెలుగునాటినుండి మద్రాసునకు ధాన్యమును, ఉప్పును, వంటచెఱకును మోయుచు పడవలు పెక్కేండ్లు దానిపై నడచెను. ఒంగోలు దారిన రైలు పడిన పిదప దాని ప్రాముఖ్యము తగ్గెను; 1960ల నాటి తుపానులకు గట్లు తెగి, పడవల రాకపోకలు క్షీణించెను. నేను చూచునాటికి పెక్కుచోట్ల పూడిపోయి, తుంగ మొలచి, గేదెలు పడుకొను మడుగుగా నుండెను. ఆకలిగొన్నవారు ఎముకలరుగ త్రవ్విన కాలువకు ఇదియా గతి యని చింతించితిని.

2004 డిసెంబరు 26వ తేదిని సునామీ వచ్చెను. సముద్రము తీరము దాటి లోనికి దూకినపుడు, తీరమునకు సమాంతరముగా కొద్దిదూరము లోపలగా సాగిన ఈ కాలువ నిండి, పొంగివచ్చిన నీటిని పెక్కుచోట్ల తనలో నింపుకొని, వేగమును తగ్గించి, తిరిగి సముద్రము వైపు నడిపెనని తరువాతి సంవత్సరము మన దేశపు విజ్ఞానపత్రిక యొకదానిలో ప్రకటితమైన పరిశీలన చెప్పుచున్నది. ఆంధ్రతీరమున ఎందఱో జాలరుల ప్రాణములు దానివలన దక్కినవట. నూటయిరువది యేండ్లకు పైబడిన పిదప, పేరులేని కూలివారి పాఱ, తాము ఎన్నడును చూడనివారి బిడ్డలకు అడ్డుగా నిలిచెను. వారిలో హిందువు లెవరు, క్రైస్తవు లెవరు, ఏ కులమువా రెవరని కాలువ అడుగలేదు. కఱవులో పంచిన బట్టలు చినిగిపోయినవి. పంచిన గింజలు అరిగిపోయినవి. పని మిగిలినది.

దివిసీమ సంగతి ముగింపక విడువరాదు. ఆ మఱునాటి యుదయమున మాలో ఇద్దఱము లారీమీద వెనుకకు పోయి, జట్టు ఖర్చులకని దాచియుంచిన డబ్బు పెట్టి, పాఱలును బొక్కెనలును మోకులును కొని తెచ్చితిమి. చెఱువునీరు తోడుటకు ఏ గట్టు తెంపవలెనో, ఏ దిక్కున కాలువ తీయవలెనో మాకేమి తెలియును? ఆ వృద్ధురాలు గట్టున కూర్చుండి వ్రేలు చూపెను. ఊరివారును మేమును కలిసి త్రవ్వితిమి. మూడవనాటికి నా చేతులు బొబ్బలెక్కెను. ఆమె చూచి, ఆముదము తెచ్చి రాచి, "అలవాటు లేని పని గదా నాయనా" యనెను. వచ్చిన నాడు మేము వారిని వరుసలో నిలిపితిమి. వెళ్లునాడు వారు మమ్ములను నిలువనీయక, తమకు వచ్చిన బియ్యముతోనే గంజి కాచి, తాటాకు దొన్నెలలో పోసి యిచ్చిరి. ఆ గంజి త్రాగునపుడు నాకు ముందుగా తోచినది కృతజ్ఞత కాదు, సిగ్గు. తరువాతనే కృతజ్ఞత తోచెను.

నేడును సెలవులలో యువకులు జట్లు జట్లుగా సేవాయాత్రలకు పోవుచున్నారు. పోవుట మంచిదే, పోవలసినదే. పోవునపుడు మూటలోని వస్తువులతో పాటు ఒక ప్రశ్నను కూడ తీసికొనిపొండని నా మనవి: మీకేమి కావలెను? ఆ ప్రశ్న అడిగి, జవాబు వినువఱకు ఊరకుండుట నేర్చుకొన్నవాడు సేవలో సగము నేర్చుకొన్నవాడు. తక్కిన సగము ఆ ఊరివారు నేర్పుదురు.